ఖోసియత్ చేతులు

పత్తి చేల నుంచి ఖోసియత్ తిరిగొచ్చిన సోమవారం నాడే ఆ పెట్టె కూడా తిరిగొచ్చింది. ఆమె పనిచేసే ట్రాన్సిస్టర్ల ఫ్యాక్టరీకి దాన్ని వినికిడి యంత్రాలు చేసే ఫ్యాక్టరీ వాళ్ళు పంపారు. మూత మీద ఎర్ర సిరాతో ‘పనికిరావు’ అని రాసి ఉంది. లోపల ఇరవై డబ్బాలు, ఒక్కో డబ్బాలో వంద ట్రాన్సిస్టర్లు. డబ్బా డబ్బాకీ చీటీ, చీటీ చీటీకీ నీలం ముద్ర: పదిహేడు. కొలతల గదిలో తొమ్మిది మంది ఆడవాళ్ళున్నారు గానీ పదిహేడో నంబరు ముద్ర ఖోసియత్ ఒక్కదానిదే, వినికిడి యంత్రాలకి పోయే ముక్కలు కొలిచేదీ ఆమె ఒక్కతే. పన్నెండేళ్ళుగా దాన్ని గౌను జేబులో వేసుకుని, జేబు నోటికి పిన్నీసు పెట్టుకుని తిరుగుతోంది.

సెక్షన్ అధికారి మీర్కోమిల్ స్వయంగా ఆ పెట్టె మోసుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. కేకలు వెయ్యలేదు. ఆయన ఎప్పుడూ కేకలు వెయ్యడు, ఆయన్ని చూసి భయపడాల్సింది అందుకే. రెండు వేలల్లో పద్దెనిమిది వందలు చచ్చిపోయాయని, అన్నీ ఆమె మంచివని ముద్ర వేసినవేనని మెల్లగా చెప్పాడు. ఇళ్ళ కమిటీ శుక్రవారం కూర్చుంటోందని కూడా, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు చెప్పి వెళ్ళిపోయాడు.

ఇళ్ళ కమిటీ సంగతి ఖోసియత్‌కి ఒకరు గుర్తు చెయ్యాలా? హాస్టల్లో ఒకే గదిలో పన్నెండేళ్ళ కాపురం. కూతురు పెళ్ళయి వెళ్ళిపోయింది; భర్త యోల్దాష్, ఇద్దరు కొడుకులు, మధ్యలో ఒక పరదా. తొమ్మిది కుటుంబాలకి ఒకటే వంటిల్లు. ఫ్యాక్టరీ వెనక కట్టిన కొత్త భవనంలో మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు ఈసారి ఆమెదే. గోడకి అంటించిన వరస కాగితంలో మొదటి పేరు ఆమెది, రెండోది పక్క బల్ల మవ్జూదాది. యోల్దాష్ అయితే ఆగలేక కాపలావాడికి ఒక సిగరెట్టు పెట్టె ఇచ్చి ఆ ఇంట్లోకి దూరి, పెద్ద గది గోడని పురికొసతో కొలుచుకొచ్చాడు. జానెడుకో ముడి వేసిన ఆ తాడు ఇప్పుడు హాస్టల్ గదిలో మేకుకి వేలాడుతోంది. అంత పొడుగు తివాచీ ఎక్కడ దొరుకుతుందా అని ఆదివారం ఆదివారం బజారు తిరుగుతున్నాడు.

మందలింపు కాగితం పడ్డ వాళ్ళ పేరు వరసలో చివరికి పోతుంది. చివర అంటే నూట నలభై మూడో పేరు.

*

మందలింపు సంగతి పక్కనబెట్టి ఖోసియత్ ముందు పని మొదలుపెట్టింది. పెట్టెలోంచి ఒక డబ్బా తీసి మళ్ళీ కొలవడానికి కూర్చుంది.

ఆ పని చూసేవాళ్ళకి విసుగు. చెవి వెనక పెట్టుకునే యంత్రంలో చొక్కా గుండీ అంత బ్యాటరీ ఉంటుంది, అది వారాల తరబడి రావాలి. అందుకని ట్రాన్సిస్టర్ మూడు కాళ్ళలో బేస్ అనే కాలికి అందే కరెంటు మామూలు మీటరుకి ఆనదు కూడా. అంత సన్నటి కరెంటునే అది రెండొందల రెట్లు చేసి చూపించాలి. దండిగా కరెంటు పోస్తే ఏ ట్రాన్సిస్టరైనా బుద్ధిగానే పనిచేస్తుంది. సన్నగా ఇచ్చినప్పుడే దాని అసలు రంగు బయటపడుతుంది.

సన్నటి కరెంటుకి ప్రతిదీ శత్రువే. సాకెట్ మీద వేలిముద్ర పడితే కరెంటు ఆ ముద్రలోని ఉప్పు మీదుగా దారి చూసుకుని పోతుంది. ఊపిరి తగిలితే ముల్లు ఊగుతుంది. అందుకే ఆ గదిలోకి టీ కెటిల్ రాకూడదు. గొంతు ఎండిపోతున్నా టీ కోసం నడవాలోకి పోవాల్సిందే. ఖోసియత్ సాకెట్‌ని స్పిరిట్ గుడ్డతో తుడిచి, వేళ్ళకి రబ్బరు తొడుగులు ఎక్కించి, పట్టకారుతో ట్రాన్సిస్టర్‌ని మూడు కాళ్ళ మీద నిలబెట్టి, ఇనప మూత దించేది. అప్పుడు ఊపిరి బిగబట్టి నలభై లెక్కపెట్టేది. ముల్లు బద్ధకంగా లేచి, ముందుకెళ్ళి, వెనక్కొచ్చి, ఎక్కడో ఒకచోట ఆగేది. ఆగాకే నోటుపుస్తకంలో రాసేది. మిగతావాళ్ళు ఇరవైకే మూత ఎత్తేసేవాళ్ళు. ఈవిడ నలభైకి ముందు ఎత్తినట్టు చూసినవాళ్ళు లేరు.

మొదటిది అరవై దగ్గర ఆగింది. రెండోది యాభై రెండు. మూడోది డెబ్భై. సెప్టెంబరులో ఇవే ముక్కలకి తన చేతి రాతతోనే రెండొందల పది, నూట తొంభై ఎనిమిది, రెండొందల ఐదు అని రాసి ఉంది. ఖోసియత్ నోటుపుస్తకం మూసి, మళ్ళీ తెరిచి చూసుకుంది.

"కళ్ళు బైర్లు కమ్మాయేమో అక్కా అప్పుడు" అంది మవ్జూదా పక్క బల్ల నుంచి. ఓదార్పు మాటే అది, కానీ ఖోసియత్‌కి చురుక్కుమంది.

*

మంగళవారం చేతుల తనిఖీ. శుభ్రత విభాగం నుంచి ఒకామె గాజు గిన్నెలో స్వేదజలం, రెండు తీగలు, ఒక మీటరు పట్టుకొచ్చింది. పనివాళ్ళు వేళ్ళు నీళ్ళలో ముంచాలి. చేతికి ఉప్పు ఉంటే నీళ్ళలో కరెంటు పారి ముల్లు లేస్తుంది. మొదట పిలిచింది ఖోసియత్‌నే.

ఆ చేతుల గురించి ఒక మాట చెప్పుకోవాలి. పన్నెండేళ్ళలో ఆ చేతులకి గోరింట తగలలేదు. గోళ్ళ రంగు లేదు, ఉంగరం లేదు, కొవ్వు రాసుకోవడం లేదు. కూతురి పెళ్ళిలో వియ్యపురాలు గోరింట గిన్నె పట్టుకుని నిలబడి, పెళ్ళికూతురి తల్లి చేతులు తెల్లగా ఉంటే అపశకునం కదా అని నలుగురిలో దెప్పిపొడిచినా ఈవిడ చేతులు వెనక్కే పెట్టుకుంది. సోమవారం డ్యూటీ ఉందని చెప్పింది. ఆ మాట ఇప్పటికీ వియ్యపురాలు మర్చిపోలేదు.

కానీ ఇప్పుడు ఆ చేతులు పత్తి చేలో పదహారు రోజులు గడిపి వచ్చాయి. పత్తికాయ పెంకులు గీరి వేళ్ళ కొనలన్నీ పగుళ్ళు తేలాయి. పత్తి ఏరే రోజుల్లో ఫ్యాక్టరీలు మనుషుల్ని పంపాలి; ఆమెని ఆ చేలకి పంపింది కూడా మీర్కోమిలే, మంచి పనివాళ్ళని పంపిస్తేనే సెక్షన్‌కి పేరు అని. పగుళ్ళ వేళ్ళు నీళ్ళలో పెట్టగానే ముల్లు సగానికి ఎగిరింది. తనిఖీ ఆవిడ నాలుక చప్పరించి అంకె రాసుకుంది.

వెనక నిలబడ్డ ఎనిమిది మందీ అది చూశారు. తమ వంతు వచ్చేలోపల ఒక్కొక్కరే వెనక్కి తిరిగి, సాకెట్లు తుడిచే స్పిరిట్‌తో చేతులు గబగబా కడిగేసుకున్నారు. వాళ్ళ ముళ్ళు లేవలేదు. వాళ్ళని తప్పుపట్టడానికి కూడా లేదు, ఎవరి గిన్నె వాళ్ళది. కానీ ఖోసియత్‌ని ముందు పిలవాలని ఎవరు చెప్పారో ఆ గదిలో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం గుమ్మంలో బూట్లు విప్పుతున్న యోల్దాష్‌కి సంగతంతా చెప్పింది. పదహారేళ్ళు బస్సు నడిపిన మనిషి, ఏ వార్తకైనా ముందు నవ్వే అలవాటు. ఈసారి నవ్వలేదు. ఆమె రెండు చేతులూ పట్టుకుని దీపం దగ్గరికి లాగి, వేళ్ళు ఒక్కొక్కటే చూశాడు.

"ఇవి మురికి చేతులా? అన్నవాడి కళ్ళు పోను" అన్నాడు.

*

బుధవారం ఖోసియత్ తిండి మానేసి పెట్టె మొత్తం కొలిచింది. డబ్బాకి పది చొప్పున తీసి, నలభై లెక్కపెట్టి, రాసింది. పద్దెనిమిది డబ్బాలు చచ్చాయి. రెండు డబ్బాలు మాత్రం పుట్టిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, రెండొందలు, రెండొందల పన్నెండు. ఆ రెండు డబ్బాల చీటీలు పక్కపక్కన పెట్టి చూసింది. రెండింటి మీదా ఒకటే తేదీ, సెప్టెంబరు పదమూడు.

తన చేతులే మురికివైతే ఆ ఒక్కరోజు మాత్రం ఎలా శుభ్రపడ్డాయి? ఆమె కుర్చీలో వెనక్కి వాలి ఆ రోజుని గుర్తు చేసుకుంది. గురువారం. మవ్జూదా ఆ రోజంతా కిటికీ దగ్గర కూర్చుని కొడుకు స్వెట్టరు అల్లుకుంది. ఎందుకంటే ఆమె బల్ల మీది పరీక్ష యంత్రం పెట్టెని సరిచూడటానికి పక్క భవనానికి తీసుకెళ్ళారు. ప్లాను ఆగకూడదు గనక ఆ రెండు డబ్బాలూ మవ్జూదా బల్ల మీదికి పోకుండానే ప్యాకింగ్‌కి వెళ్ళిపోయాయి.

మవ్జూదా చేసేది బ్రేక్‌డౌన్ పరీక్ష. ట్రాన్సిస్టర్‌కి రివర్స్‌లో, అంటే ఎదురు దిశలో వోల్టేజి ఎక్కించి, ఎంత దగ్గర తెగి కరెంటు పారుతుందో చూడటం. పాత రోజుల్లో వందకి ఐదింటినే అలా చూసి, చూసిన ఐదింటినీ చెత్తబుట్టలో పారేసేవాళ్ళు. ఎందుకు పారేయాలో పాత ఇంజనీర్లకి తెలిసే ఉంటుంది. వాళ్ళు వెళ్ళిపోయారు, అలవాటు మాత్రం మిగిలింది. ఆగస్టులో మీర్కోమిల్ ఆ అలవాటు మీద ఒక ప్రతిపాదన రాశాడు: ఐదే ఎందుకు, అన్నింటినీ పరీక్షిద్దాం, ఏదీ పారెయ్యొద్దు, నాణ్యతా పెరుగుతుంది, వృథా కూడా తగ్గుతుంది. దానికి ఆయనకి సర్టిఫికెట్ ఇచ్చారు. అది ఆయన గదిలో అద్దం ఫ్రేములో ఉంది.

ఖోసియత్ లేచి కొత్త ముక్కలు పది తీసుకుంది. కొలిచింది. పదీ రెండొందల పైమాటే. అరచేతిలో గుడ్డ పరిచి వాటిని మవ్జూదా బల్ల మీదికి తీసుకెళ్ళింది.

"వీటికి బటన్ నొక్కు."

"ఎందుకక్కా?"

"నొక్కు, చెబుతాను."

మవ్జూదా పదింటికీ నొక్కింది. పదీ ఏడు వోల్టుల దగ్గర చక్కగా తెగాయి, ఆమె పుస్తకం ప్రకారం పదీ మంచివే. ఖోసియత్ వాటిని మళ్ళీ తన మూత కింద నిలబెట్టింది. ముల్లు బద్ధకంగా లేచింది. అరవై నాలుగు. యాభై ఎనిమిది. డెబ్భై ఒకటి. పదికి పది. అవే ముక్కలకి దండిగా కరెంటు ఇచ్చి చూస్తే ఏమీ జరగనట్టే పనిచేస్తున్నాయి. సన్నటి కరెంటు దగ్గరే చతికిలబడుతున్నాయి.

మవ్జూదా మొహం పాలిపోయింది. "అంటే నేనా అక్కా? రెండు నెలల నుంచి నేనేనా చంపుతున్నది?"

"నువ్వు కాదే పిచ్చిదానా. నీకు నొక్కమన్నారు, నొక్కావు."

కానీ మవ్జూదా తన కుడి చూపుడు వేలు చూసుకుంటూ ఉండిపోయింది.

*

గురువారం పొద్దున ఖోసియత్ ఆ పది అంకెల కాగితం పట్టుకుని ల్యాబ్‌లోకి వెళ్ళింది. ల్యాబ్ ఇంజనీరు జోయా హెగాయ్, తాతలనాడు ప్రభుత్వం రైలెక్కించి ఇక్కడికి తోలిన కొరియా వాళ్ళ అమ్మాయి. ఇప్పుడు తలంతా నెరిసింది, మాట పొదుపు. కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, తనే ఇంకో పది ముక్కలు తెప్పించి అదే పని చేసింది. పదీ పడిపోయాయి. రివర్స్‌లో తెగినప్పుడు లోపల ఎమిటర్ అంచున గాయం పడుతుందని, అక్కడ కరెంటు కొద్దికొద్దిగా ఇంకిపోతుందని, ఎక్కువ పోసినప్పుడు ఆ ఇంకేది లెక్కలోకి రాదని, తక్కువ ఇస్తే ఉన్నదంతా అక్కడే పోతుందని వివరించింది. ఖోసియత్‌కి అంచులూ గాయాలూ అంతగా అర్థం కాలేదు గానీ, ‘మీ చేతులు కాదు’ అన్న మాట మాత్రం అర్థమైంది. ఆ ఒక్క మాట కోసమే వచ్చింది ఆమె.

ఇద్దరూ కలిసి మీర్కోమిల్ గదికి వెళ్ళారు. ఆయన కూర్చోబెట్టి, టీ పోయించి, బల్ల మీది గుండ్రటి రొట్టె ముందుకి జరిపాడు. కాగితం చదివాడు. చదువుతున్నంతసేపూ అద్దం ఫ్రేములోని సర్టిఫికెట్ ఆయన తల వెనకే ఉంది. చివరికి కాగితం బల్ల మీద పెట్టి దాని మీద అరచెయ్యి ఆనించాడు.

"నిజమే చెల్లెమ్మా. నేనూ చదువుకున్నవాణ్ణే. పదికి పది పడిపోతే ఇంకా చేతులని ఎలా అంటాను?"

ఖోసియత్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగు రోజుల బట్టి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది. పెద్ద కొడుకు సున్తీ పండక్కి ఈయన వాళ్ళ గదికి వచ్చి, వాళ్ళ ఉప్పు తిని, పిల్లాడి తల నిమిరి వెళ్ళిన మనిషి. ఎంతైనా మనవాడు అనుకుంది.

ఆ తర్వాత ఆయన చాలా చెప్పాడు. ఇది ఇప్పుడే బయటికి పొక్కితే ముందు మవ్జూదా మీదికి వస్తుందని, బటన్ నొక్కింది ఆమే కదా అని, త్రైమాసికం ముగిసేలోగా పరీక్షని సంతకాలతో రద్దు చేయించాలంటే మాస్కో దాకా పోవాలని, అంతదాకా ముక్కలు చస్తూనే ఉంటాయని. అందుకే ముందు నిశ్శబ్దంగా ఆపేద్దాం, కాగితాల సంగతి తర్వాత. ఆయన కుడి చెయ్యి ఎత్తి రొట్టె మీద పెట్టాడు.

"రేపట్నించి ఒక్క ముక్క కూడా ఆ పరీక్షకి పోదు. మవ్జూదా పెట్టె నేనే తీయించేస్తాను. రొట్టె మీద ఒట్టు."

రొట్టె మీద చెయ్యి పెట్టి అబద్ధమాడే మనిషి ఆ దేశంలో ఇంకా పుట్టలేదు. కింద పడ్డ రొట్టెముక్క కనబడితే జేబుదొంగ కూడా వంగి, ముద్దు పెట్టుకుని, ఎత్తు మీద పెట్టి పోతాడు. ఖోసియత్ తల వంచి ఒట్టుని అందుకుంది. లేవబోతూ ఇంటి సంగతి అడిగింది. కమిటీలో తానొక్కడే కాదుగా అని, అయినా చెబుతానని, చెప్పకుండా ఉంటానా అని ఆయన నవ్వాడు. ఆ కాగితం తన దగ్గరుండనిమ్మని, కమిటీకి చూపించాలని అడిగాడు. ఆమె ఇచ్చేసింది. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, నకలు కూడా లేదు.

హెగాయ్ అంతసేపూ టీ గిన్నెలోకే చూస్తూ కూర్చుంది.

*

శుక్రవారం పొద్దున ఇద్దరు మనుషులొచ్చి మవ్జూదా బల్ల మీది పెట్టెని తోపుడు బండి మీద వేసుకుని తీసుకుపోయారు. అడిగితే రిపేరుకి అన్నారు. ఖోసియత్ మవ్జూదా వైపు చూసి కనుసైగ చేసింది. మాట నిలబెట్టుకున్నాడు చూశావా అన్నట్టు.

మధ్యాహ్నం సమావేశం. కమిటీ వాళ్ళు, సెక్షన్ వాళ్ళు, వినికిడి యంత్రాల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు, అందరూ కూర్చున్నారు. మీర్కోమిల్ లేచి కాగితం చదివాడు. ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. లోపానికి మూల కారణం: కొలత కార్మికురాలి చేతుల ఉప్పు, తనిఖీలో నిరూపణ అయింది. తీసుకున్న చర్య: ఆమెని ఈ రోజు నుంచి కొలతల బల్ల నుంచి తొలగించి ట్రేలు కడిగే విభాగానికి మార్చడమైనది. మందలింపు నమోదు చేయడమైనది.

ఖోసియత్ లేచి నిలబడింది.

"ఆ పది ముక్కల కాగితం చూపించండి అన్నా."

"ఏ కాగితం చెల్లెమ్మా?" అన్నాడు మీర్కోమిల్.

ఎంత నెమ్మదిగా అడిగాడంటే, నిజంగా తెలియక అడుగుతున్నాడేమో అని ఇన్‌స్పెక్టరు కూడా ఆమె వైపే జాలిగా చూశాడు. ఆమె హెగాయ్ వైపు తిరిగింది. హెగాయ్ కళ్ళజోడు తీసి గౌను అంచుతో తుడుచుకుంటోంది. మవ్జూదా వైపు తిరిగింది. మవ్జూదా ఒళ్ళో పెట్టుకున్న చేతుల్ని చూసుకుంటోంది. బల్ల చివర ఎవరో కుర్చీ జరిపారు. అంతే, సమావేశం తర్వాతి అంశానికి పోయింది.

ఖోసియత్ పిన్నీసు తీసింది. జేబులోంచి పదిహేడో నంబరు ముద్ర తీసి, సిరా అంటకుండా కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టింది. సాయంత్రానికల్లా గోడ మీది వరస కాగితం మార్చి అంటించారు. మొదటి పేరు మవ్జూదాది.

*

ట్రేలు కడిగే చోట వేడినీళ్ళు, సోడా, ఇనప తొట్టి. పగుళ్ళు ఆ సోడాకి ఇంకా తెరుచుకున్నాయి. అక్కడ ఎవరూ చేతులు తనిఖీ చెయ్యరు.

ఆ తర్వాతి శుక్రవారం నడవాలో జనం మూగారు. ఇన్‌స్పెక్టరు వారం రోజులు ఇక్కడే కూర్చుని, ప్యాకింగ్‌కి పోయే ప్రతి డబ్బా సన్నటి కరెంటు దగ్గర మళ్ళీ కొలిపించాడట. ఆ అంకెలతో ఒక గ్రాఫు గీసి గోడకి పెట్టారు. ఖోసియత్ ట్రేల దొంతర పొట్టకి ఆనించుకుని వెనక నుంచి చూసింది.

ఎర్ర గీత సెప్టెంబరు అంతా పైనే నడిచింది, పెట్టె మొత్తం కలిపి వందకి తొంభై పనికిరానివి; పదమూడో తేదీ ఆ మొత్తంలో కలిసిపోయింది. ఆమె పత్తి చేలో ఉన్న పదహారు రోజులూ ఈ ముక్కలు కొలవలేదు గనక అక్కడ ఖాళీ, తర్వాత కిందటి వారం గురువారం దాకా అలాగే ఉంది. శుక్రవారం దగ్గర నిట్టనిలువుగా దూకి సున్నా మీద పడింది. అక్కడి నుంచి చదునుగా సాగింది, ఒక్క ముక్క కూడా చావలేదు. దూకిన చోట బాణం గుర్తు పెట్టి కింద అందంగా రాశారు: ‘కార్మికురాలిని మార్చిన తేదీ’. ఆ రాత హెగాయ్‌ది.

అప్పుడు తట్టింది ఖోసియత్‌కి. మీర్కోమిల్ అబద్ధమాడలేదు. రొట్టె మీద చెయ్యి పెట్టి ఏం చెప్పాడో అదే చేశాడు, చెప్పిన రోజునే చేశాడు. పరీక్ష ఆగింది, చావులూ ఆగాయి, అదే రోజున ఆమె కూడా బల్ల వదిలింది. ఆ గ్రాఫులో ఒక్క చుక్క కూడా దొంగది కాదు. రోగం కనిపెట్టింది ఆమె, మందు చెప్పింది ఆమె. ఆ మందు పనిచేసిందన్నదే ఇప్పుడు ఆమె మీద సాక్ష్యం. ఇంత చక్కగా గొంతు కోయడం చదువుకున్నవాళ్ళకే చేతనవుతుంది.

జనంలో ఎవరో, పాపం పన్నెండేళ్ళుగా చేస్తున్న మనిషి, వయసైపోయి చేతుల్లో చెమట పెరిగి ఉంటుంది అన్నారు. ఇంకెవరో ఖోసియత్ వెనకే ఉందని సైగ చేశారు.

నడవా మలుపులో హెగాయ్ ఎదురైంది. పక్కకి తప్పుకోబోయి, తప్పుకోలేక ఆగింది. పెన్షన్‌కి ఇంకా పద్నాలుగు నెలలున్నాయని, ఖోసియత్‌కి అర్థమవుతుందని అనుకుంటున్నానని ఏదో గొణిగింది.

"మీ గీత బాగుంది జోయా గారూ. చెయ్యి ఒక్కచోట కూడా వణకలేదు" అంది ఖోసియత్. ట్రేలు సర్దుకుని తొట్టి దగ్గరికి పోయింది.

*

ఆదివారం పొద్దున ఆమె కుయిలుక్ బజారు నుంచి గోరింట పొడి పొట్లం కొనుక్కొచ్చింది. పింగాణీ గిన్నెలో వేడి టీ డికాక్షన్ పోసి కలుపుతుంటే యోల్దాష్ చూశాడు. పిల్లలిద్దర్నీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

తలుపు తట్టి మవ్జూదా వచ్చింది. చేతిలో వేడి వేడి సమోసాల పళ్ళెం, మీద గుడ్డ కప్పింది. గడప దగ్గరే నిలబడి, కమిటీ వాళ్ళే తన పేరు రాశారని, తను అడగలేదని, ఒట్టని మొదలుపెట్టింది. ఖోసియత్ ఆమెని కూర్చోమని, పళ్ళెం పక్కన పెట్టమని, రెండు చేతులూ ముందుకి చాచింది.

"పెట్టు. రెండు చేతులకీ ఒక్కదాన్నే పెట్టుకోలేను."

"రేపు పని ఉంది కదక్కా."

"ట్రేలకి గోరింట అంటితే ఏ చెవిటివాడికి నష్టం?"

మవ్జూదా గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. వేలు ముంచి అరచేతి మధ్య గుండ్రంగా ముద్ద పెట్టింది. తర్వాత వేలి కొనలకి ఒక్కొక్కటే తొడిగింది. పగుళ్ళలోకి చల్లగా ఇంకుతుంటే ఖోసియత్ కళ్ళు మూసుకుంది. పన్నెండేళ్ళ తర్వాత మొదటిసారి తన చేతుల మీద ఆ వాసన. కూతురి పెళ్ళి గుర్తొచ్చింది, వెనక్కి పెట్టుకున్న చేతులు గుర్తొచ్చాయి.

కుడి చెయ్యి అయ్యాక, ఎడమది సగంలో ఉండగా మవ్జూదా తల ఎత్తకుండానే అంది.

"ఒకటడుగుతాను, కోప్పడకక్కా. నువ్వు వెళ్ళాక మరి అన్నీ ఆగిపోయాయి కదా. ఒకవేళ... నిజంగా చేతులేనేమో?"

ఖోసియత్ కళ్ళు తెరిచింది. ఆ పది ముక్కలకీ బటన్ నొక్కింది ఈ పిల్లే. పదీ పడిపోవడం పక్కన నిలబడి చూసింది. తన పెట్టెని ఏ రోజు తీసుకుపోయారో కూడా దీనికి తెలుసు. అయినా అడుగుతోంది. అడగకపోతే రెండు నెలల చావులు ఆ చూపుడు వేలి మీద పడతాయి, కొత్త ఇంట్లో నిద్ర పట్టదు. ఆ మాట మొహాన అనేద్దామని నోటి దాకా వచ్చింది. కానీ పిల్ల కనురెప్పలు వణుకుతున్నాయి, గోరింట వేలు గాల్లో ఆగిపోయి ఉంది.

"ఏమో" అంది ఖోసియత్. "చెమట పట్టే చేతులే."

మవ్జూదా గట్టిగా ఊపిరి వదిలింది. తేలికపడ్డ మొహంతో మిగతా వేళ్ళకి గబగబా పెట్టేసింది. పాత గుడ్డపీలికలు రెండు చేతులకీ చుట్టి, కట్టడానికి దారం కోసం చుట్టూ చూసింది. గోడ మేకుకి వేలాడుతున్న పురికొస కనబడింది. లేచి దాన్ని తీసి, కొస పంటితో కొరకబోయింది.

"అది తెంచకు" అంది ఖోసియత్.

"ఎందుకక్కా? ముళ్ళన్నీ వేసి ఉంది, పాతదేగా."

"మీ ఇంటి గోడ కొలత అది. పెద్ద గదిది. వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళు, తివాచీ కొనేటప్పుడు కావాలి."

మవ్జూదా తాడు నోట్లోంచి తీసింది. ముళ్ళ మీద వేళ్ళు పెట్టి, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడింది. ఆమె వేళ్ళ గోరింట తాడుకి అంటింది. ఖోసియత్ గుడ్డలు చుట్టిన రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, అవి పండేదాకా కదలకుండా కూర్చుంది.